లాకుపుస్తకం

నమోదు 1

మొదట జరిగినవి, జరిగిన వరుసలో:

1. జలనియంత్రణ సంస్థ పడవ లాకుపేట రేవుకు వచ్చింది. అందులో నుంచి అనిరుద్ధ్ అనే అధికారి దిగి, లాకు తలుపుల మీద ఎర్రరంగుతో అడ్డగీత గీయించాడు.

2. ఆ గీతకు అర్థమేమిటని లాకు చూసుకునే సత్యవేణి అడిగింది. పున్నమి పోటు రాకముందే తలుపులను వెల్డింగు చేసి శాశ్వతంగా మూసివేస్తామని ఆయన చెప్పాడు.

3. తలుపులు మూసుకుపోతే ఎగువ కాలువలోని మంచినీళ్ళకు మా పడవలు వెళ్ళలేవు. దిగువన ఉన్నదంతా సముద్రమే. ఊరు ఖాళీ చేయడానికి పెద్ద పడవలు పంపుతామని కూడా ఆయనే అన్నాడు కనుక, ఈ సంగతి ఆయనకు తెలియదని అనుకోవడానికి వీలు లేదు.

4. కారణం అడిగాం. మోటార్లను ఉప్పు తినేసిందనీ, లాకును చేతులతో నడిపే పద్ధతి ఏదీ లేదనీ, సంస్థ ఏది అడిగినా బదులు చెప్పే యంత్రం 'జవాబు' తేల్చిందట.

5. సత్యవేణి ఆ మాట పూర్తిగా విని, వెళ్ళి, చేతులతో లాకు తెరిచి చూపించింది.

6. ఆయన తన చేతిపలకలో జవాబును మళ్ళీ అడిగాడు. ఇప్పుడు చూసినది అలవాటు మాత్రమేననీ, పద్ధతి అనిపించుకోవాలంటే అది గుర్తింపు ఉన్న గ్రంథాలయంలో అచ్చుపుస్తకంగా ఉండాలనీ జవాబు చెప్పింది.

7. ఆయన వెళ్ళిపోయాడు. ఎర్రగీత మిగిలింది.

ఏడవ అంశం దగ్గర ఆగిపోయే ఉద్దేశం నాకు లేదు. అందుకే ఈ నమోదు. యంత్రంలో రాస్తే జవాబు వాక్యాలను సరిదిద్దుతుంది. సరిదిద్దిన తరువాత అవి నేను అన్నవి కావు. కాగితానికి ఆ చొరవ లేదు.

నమోదు 2

సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. డిష్ బోల్టులకు నూనె రాశాను. ఇవి నా రోజువారీ పనులు. ఊరి దీపాలు, పంపు, ఆకాశంతో మాకున్న ఒక్క తీగ నా చేతిలో ఉంటాయి. పని ముగించి లాకు దగ్గరకు వెళ్ళాను.

కాలువ తలుపులు తీసి మూసే ఉద్యోగిని మా వైపు లస్కరు అంటారు. ఆ ఉద్యోగాన్ని సంస్థ ఎప్పుడో ఎత్తివేసింది. సత్యవేణి మాత్రం మానలేదు. నేను వెళ్ళేసరికి ఆమె తూము మరకు గ్రీజు పట్టిస్తోంది. మంచినీళ్ళ పడవ నడిపే సూరన్న గట్టు మీద కూర్చుని చుట్ట నములుతున్నాడు.

"అచ్చులో ఉండాలంటాడేంటి తమ్ముడూ," అంది సత్యవేణి తల ఎత్తకుండా. "ఉందిగా. మా తాత రాశాడు."

"ఏ పుస్తకం అక్కా?"

"లాకుపుస్తకం. ముందు తూము ఎత్తాలి, నీళ్ళు రెండు పక్కలా సమానం అయ్యేదాకా తలుపు మీద చెయ్యి వెయ్యకూడదు, తలుపు తోసే దూలానికి ఎవరెక్కడ నిలబడాలి, అన్నీ బొమ్మలేసి రాశాడు. మా నాన్న దాంట్లో చూసే నేర్చుకున్నాడు, నేను మా నాన్నని చూసి."

"మీ తాత పుస్తకం రాశాడా?" అన్నాడు సూరన్న. "సంతకం పెట్టాలంటేనే సగం పొద్దు పట్టేదని మా అయ్య చెప్పేవోడండి."

"సంతకానికి పట్టేదిరా. పుస్తకానికి పట్టలేదు."

పుస్తకం పేరు సరిగ్గా ఏమిటని అడిగాను. ఆమెకు తెలియదు. ఇంట్లో అందరూ లాకుపుస్తకమనే అనేవారు. ఉన్న ప్రతులన్నీ ముంపులో పోయాయి. తాత పేరు ఓలేటి బంగారయ్య అని రాసుకున్నాను.

"ఒక్కటి మాత్రం గుర్తుంది," అని ఆమె నవ్వింది. "ప్రెస్సువోడు మర్యాద చేశాననుకుని, అట్ట మీద ఓలేటి బంగారయ్య గారు అని వేసేశాడు. మా తాతకి తల కొట్టేసినట్టయిపోయింది. తన పేరుకి తనే గారు తగిలించుకున్నాడని జనం నవ్వుతారని ఇంట్లోంచి బయటికి రాలేదంట. బ్లేడు పట్టుకుని కూర్చుని, ఇంటికొచ్చిన ప్రతి పుస్తకం మీదా ఆ గారుని గీకేశాడు."

"అన్నిటి మీదా?"

"చేతికందిన వాటి మీద. ప్రెస్సు నుంచే పోయినయ్యి పోయినయ్యే. ఒకటి ఎక్కడో మంచుదేశం లైబ్రరీకి వెళ్ళిందని చివరిదాకా చెప్పుకునేవాడు. అక్కడివాళ్ళు కూడా నవ్వుకుంటున్నారేమోనని ఆయన బెంగ."

మంచుదేశం అని రాసుకుని కింద గీత గీశాను.

నమోదు 3

ముందుగా జవాబునే అడిగాను. అడగలేదన్న మాట మిగలకూడదు.

"ఓలేటి బంగారయ్య గారు లాకు గురించి రాసిన పుస్తకం కావాలండి."

"బంగారయ్య రాసిన పుస్తకం లేదు. నువ్వు ఊరు మారవలసిన తేదీ చెప్పనా?"

నా ప్రశ్నలో నుంచి ఓలేటి పోయింది, గారు పోయింది, అండి పోయింది. ఇంటిపేర్ల రద్దు జరిగిననాటి నుంచి సంస్థ జాబితాలో మనిషికి ఒక పేరు, ఒక సంఖ్య మాత్రమే. ఇంటిపేరు గడి ఉంది గాని ఖాళీ. ఇక గారు, అండి, ఆయ్ వంటి మాటలను జవాబు చప్పుడు కింద లెక్కగడుతుంది. ప్రశ్న వినగానే ముందు వాటిని ఊడ్చివేసి, మిగిలినదాన్ని వెతుకుతుంది. కుక్కను అదిలించినా చివర అండి చేర్చే మనుషులం మేము. మా మాటలో సగం దానికి చెత్త.

కనుక నల్లతెర తీశాను.

నల్లతెర అంటే పాత కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము. బొమ్మలు లేవు, గొంతు లేదు. నల్లని పలక మీద ఆదేశం కొట్టాలి. అది దూరపు గ్రంథాలయం సూచికతో నేరుగా మాట్లాడుతుంది. ఓపెన్ అంటే ఆ గ్రంథాలయం తలుపు తట్టడం. బేస్ అంటే ఏ సూచికో చెప్పడం. ఫైండ్ అంటే వెతకడం. షో అంటే దొరికినదాన్ని చూపమనడం. ఫైండ్ పక్కన 4 అని వేస్తే పుస్తకం పేరులో వెతుకుతుంది, 1003 వేస్తే గ్రంథకర్త పేరులో. నాకు ఇది ఎవరూ నేర్పలేదు. తప్పు కొట్టినప్పుడల్లా అది ఏమని తిట్టిందో రాసుకుని, తిట్టులో నుంచి నియమాన్ని రాబట్టుకున్నాను. నలభై ఆరేళ్ళ వయసులో నాకున్న చదువు చాలావరకు తిట్ల రూపంలో వచ్చినదే.

ప్రపంచమంతా జవాబుకు మారిపోయాక కూడా కొన్ని గ్రంథాలయాలు ఈ పాత తలుపును మూయలేదు. మూయడం మరచిపోయారని నా నమ్మకం. నేను వారికి గుర్తు చేయబోవడం లేదు.

ఉపగ్రహం పొద్దుటి పూట మా మీదుగా సాగిపోయే కాసేపే తీగ దొరుకుతుంది. మంచుదేశాల గ్రంథాలయాలను ఒక్కొక్కటిగా తట్టాను. చాలావాటి నుంచి సమాధానం లేదు. ఒకటి మాత్రం పలికింది. దాని స్వాగతవాక్యంలో ఉన్న సంవత్సరం నేను పుట్టక ముందుది. మా భాష పుస్తకాలు రోమన్ లిపిలో రాసుకున్న సూచిక అందులో ఉంది.

ఉపగ్రహం దాటిపోయింది. ఆగాను. తలుపు దొరికింది.

నమోదు 4

ఈ రోజులలో ప్రయత్నించినవి, ఫలితాలతో సహా:

గ్రంథకర్త, ఓలేటి. దొరికినవి: సున్నా.

గ్రంథకర్త, ఓలేటి, ఒకారం దీర్ఘం లేకుండా. సున్నా.

గ్రంథకర్త, బంగారయ్య. ఆ దేశాలలో పేరు చివరి మాటనే ఇంటిపేరుగా ఎత్తి ముందు పెడతారు. మన పద్ధతికి తలకిందులు. ఆ లెక్కన బంగారయ్య కింద ఉండాలి. సున్నా.

పుస్తకం పేరు, లాకు. సున్నా.

విషయం, కాలువలు. లెక్కకు మించి దొరికాయి. అన్నీ మోటార్ల గురించినవి.

ఎక్కడైనా సరే వెతుకు, బంగారయ్య. ఆ సూచన తాను ఒప్పుకోనని తిట్టింది.

ఇక్కడ ఒక చిక్కు రాసిపెట్టాలి. ఈ గ్రంథాలయం గ్రంథకర్త పేరును మొదటి మాటతోనే పోల్చి చూస్తుంది. ఇంటిపేరు తప్పితే, దాని లెక్కలో మనిషే లేడు.

మిగిలిన సంగతులు. ఊరిలో రెండు కుటుంబాలు సామాను మూటలు కట్టాయి. వెల్డింగు సిలిండర్లతో సంస్థ పడవ వచ్చి రేవుకు అవతల లంగరు వేసింది. సూరన్న మంచినీళ్ళ డ్రమ్ములన్నీ నింపి, దొరికిన బిందెలన్నీ కూడా నింపుతున్నాడు. ఎందుకు ఇన్ని అని అడిగితే, "ఇదే ఆఖరు ట్రిప్పేమోనండి," అన్నాడు. అతను పరిహాసం లేకుండా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

మూటలు కట్టినవారిని నేను తప్పుపట్టను. నేను కట్టను.

నమోదు 5

ఈ పొద్దున్న ఉపగ్రహం వచ్చే వేళకు సత్యవేణి నా కంప్యూటరు ఉన్న మేడ మీదకు వచ్చింది. వెనకే సూరన్న వచ్చాడు. వెల్డింగువాళ్ళు రేవులో దిగి గొట్టాలు సవరించుకుంటున్నారని చెప్పాడు. అధికారి మధ్యాహ్నం లోపల పని మొదలుపెట్టమన్నాడట.

నేను కొట్టిన ఆదేశాల జాబితా సత్యవేణికి చూపించాను. ఆమె చదివి, "వాళ్ళకి ఇంటిపేరు చివరుంటదా?" అంది.

"పేరులో ఆఖరి మాట ఏదైతే అదే ఇంటిపేరనుకుంటారు అక్కా."

"ఆఖరిది బంగారయ్యేగా."

"చూశాను. లేదు."

"పాపం, మన పేర్లు వాళ్ళకేం తెలుస్తాయిలే."

"ఆఖరిది బంగారయ్య కాదు కదండీ," అన్నాడు సూరన్న. "ప్రెస్సువోడి పుణ్యమా అని ఆఖరిది గారు. ఆ లెక్కన మీ తాతది గారు వారి ఇల్లన్నమాట. మంచి వంశమండి."

సత్యవేణి నవ్వింది. నేనూ నవ్వబోయాను. ముగ్గురం ఒకేసారి ఆగిపోయాం.

"కొట్టు తమ్ముడూ," అంది ఆమె మెల్లగా.

జవాబు ఊడ్చిపారేసే మాటను నల్లతెర మీద, రోమన్ లిపిలో, అక్షరం పక్కన అక్షరంగా కొట్టాను. నల్లతెరకు ఏది గౌరవమో, ఏది చెత్తో తెలియదు. మనం ఇచ్చిందే తీసుకువెళుతుంది. ఈసారి ఫైండ్ బదులు స్కాన్ వేశాను. అది సూచికను అకారాది క్రమంలో చేతివేలితో చదివినట్టు చూపిస్తుంది.

తెర నిండిపోయింది.

గారు, అనసూయమ్మ. గారు, ఓలేటి బంగారయ్య. గారు, డాక్టర్ సన్యాసిరావు. గారు, దివంగత పేరంటాలమ్మ. కిందికి పోయినకొద్దీ ఇంకా. గేదెల వైద్యం రాసినవారు, పడవ చెక్కల కొలతలు రాసినవారు, ఊరగాయల మీద రాసిన తల్లి, తుఫాను గుర్తుల మీద రాసిన మాస్టారు. పుస్తకం మీద ఎవరో ఒకరు మర్యాదగా గారు చేర్చి అచ్చువేస్తే, ఆ మర్యాద దూరదేశంలో ఇంటిపేరయింది. మా తీరంలోని పెద్దలందరూ ఒకే కుటుంబమై అక్కడ వరుసగా కూర్చుని ఉన్నారు. జవాబు ఇన్నేళ్ళుగా వారి గుమ్మం ముందుకు వెళ్ళి, వారి ఇంటిపేరును ఊడ్చివేసి, ఎవరూ లేరని తిరిగివస్తోంది.

షో కొట్టాను. గ్రంథకర్త: గారు, ఓలేటి బంగారయ్య. పుస్తకం పేరు: జలద్వార కవాట సంరక్షణ విధానము.

"ఇదెవరి పుస్తకం?" అంది సత్యవేణి.

"మీ తాతదే అక్కా. కింద చూడండి. హస్తచాలన పద్ధతి, పటములతో."

"ఈ పేరు మా తాతకి నోరు కూడా తిరగదు. ఇదీ ప్రెస్సువోడి మర్యాదే అయ్యుంటది." ఆమె తెర మీది మొదటి వరుసను వేలితో తాకింది. "ఆయన చేతికి అందని గారు ఇదొక్కటే తమ్ముడూ."

ఉపగ్రహం దాటక ముందే ఆ వివరాలను కాగితం మీద దించాను. విధానము అన్న మాట కింద రెండు గీతలు గీశాను. విధానమంటే పద్ధతి. వారు అడిగిన మాటే.

నమోదు 6

లాకు దగ్గర జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను.

అనిరుద్ధ్ దూలం పక్కన గొడుగు కింద నిలబడి ఉన్నాడు. నేను ఇచ్చిన కాగితం చదివి, చేతిపలకను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "గ్రంథకర్త గారు. సరిచూడు."

"నువ్వు ఏమీ అడగలేదు," అంది జవాబు.

"గారు. ఇంటిపేరు గారు."

"నువ్వు ఏమీ అడగలేదు."

"ఇంకోసారి మర్యాదగా అడగండి బాబూ," అన్నాడు సూరన్న.

వెల్డింగువాళ్ళలో ఒకడు అటు తిరిగి నవ్వుకున్నాడు. అనిరుద్ధ్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆయన దాన్ని నోటితో అడగడం మాని, పుస్తకానికి గ్రంథాలయం ఇచ్చిన సంఖ్యను చేత్తో కొట్టాడు. సంఖ్యలో ఊడ్చడానికి ఏమీ ఉండదు. కొంతసేపటికి జవాబు పలికింది: "పుస్తకం ఉంది. పద్ధతి ఉంది. తలుపుల మూసివేతకు గ్రంథకర్త ఇంటివారు మాత్రమే అభ్యంతరం చెప్పవచ్చు."

"అది రూలు," అని ఆయన సత్యవేణి వైపు తిరిగాడు. "నీ ఇంటిపేరేంటి?"

"ఓలేటి."

"ఇక్కడ గ్రంథకర్త ఇంటిపేరు గారు అని ఉంది. ఓలేటి అని పెడితే కుదరదంటుంది. నేను చేయగలిగింది ఏమీ లేదు."

"ఆయన మా తాత అయ్యా."

"నేను కాదనట్లేదు. ఇది అంటుంది."

నేను ముందుకు వెళ్ళాను. "మీ జాబితాలో మా అందరి ఇంటిపేరు గడీ ఖాళీగా ఉంది కదండీ?"

"ఉంది."

"ఖాళీ చేసింది మేము కాదండి."

"అయితే?"

"నింపుతాం."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత గట్టు మీద చేరిన జనాన్ని చూశాడు. మూటలు కట్టిన రెండు కుటుంబాలూ అక్కడే ఉన్నాయి. ఆయన ఆలోచించినది ఏమిటో నాకు తెలియదు, రాయను. చేతిపలకను సత్యవేణి ముందుకు చాపాడు.

ఆమె వెంటనే అందుకోలేదు. "మా తాత దీన్ని బ్లేడు పెట్టి గీకాడు తమ్ముడూ. సిగ్గుతో అన్నం తినలేదంట."

"ఆయనకు లోకం అంటే మర్యాద అక్కా, అందుకే సిగ్గుపడ్డారు. మనకు మర్యాద దండగని చెప్పినవాళ్ళ ముందు మనం ఎందుకు సిగ్గుపడాలి?"

ఆమె గ్రీజు చేతులను కొంగుకు తుడుచుకుంది. ఇంటిపేరు గడిలో రెండు అక్షరాలు తానే దిద్దింది.

అది గడిలో రాసినది, మాట కాదు. ఊడ్చడానికి జవాబుకు అధికారం లేదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి.

"అభ్యంతరం నమోదైంది, సత్యవేణి గారు," అంది జవాబు. "విచారణ ముగిసేవరకు తలుపులను ముట్టుకునే హక్కు గ్రంథకర్త ఇంటివారికి మాత్రమే ఉంది."

తూములో నీరు కారుతున్న చప్పుడు వినబడింది.

"మళ్ళీ చెప్పించండి దాని చేత," అన్నాడు సూరన్న. "నాకు సరిగ్గా వినపడలేదు. ఆయ్."

తరువాత జనం వరుస కట్టారు. సూరన్న గారు. మూటలు విప్పిన ముత్యాలమ్మ గారు, ఆమె భర్త, అత్తగారు. ప్రతి ఒక్కరినీ జవాబు గారు అని పిలిచింది. అందరూ వినేదాకా జనం కదలలేదు. ఈ తీరంలో ఒకరికొకరం రోజూ అనుకునే మాటే. దాని నోటి నుంచి రప్పించడానికి మాత్రం ఒక ఊరంతా వరుసలో నిలబడవలసి వచ్చింది. వెల్డింగువాళ్ళు సిలిండర్లు పడవలోకి ఎక్కించారు. పడవ ఎక్కబోతూ అనిరుద్ధ్ వెనక్కి తిరిగాడు.

"విచారణకు వస్తారు కదా సత్యవేణి గారూ?" అన్నాడు. అది చదివినది కాదు. నోటి నుంచి వచ్చింది.

"వస్తామండి. పడవలోనే వస్తాం. ఈ లాకు దాటుకునే."

విచారణలో ఓడిపోవచ్చని నాకు తెలుసు. ఓడితే గేదెల వైద్యుణ్ణి వెతుకుతాను, తుఫాను మాస్టారును వెతుకుతాను, పేరంటాలమ్మ గారిని వెతుకుతాను. గారు వారి కుటుంబం పెద్దది. వారందరూ నాకు బంధువులు. వారి తలుపు ఇంకా తెరిచే ఉంది.

పోటు ఎక్కుతుండగా సత్యవేణి తూము ఎత్తింది. నీళ్ళు రెండు పక్కలా సమానం అయ్యేవరకు ఎవరం తలుపు మీద చేయి వేయలేదు. ఆమె తల ఊపాక అందరం దూలాన్ని తోశాం. తలుపులు విడిపోతుంటే ఎర్రగీత సగానికి సగమై అటొక ముక్క, ఇటొక ముక్క అయింది. సూరన్న ఖాళీ అయిన డ్రమ్ములతో ఎగువకు వెళ్ళాడు.

ఎవరూ తన పేరుకు తాను చేర్చుకోకూడని మాట ఒకటి ఉందని చిన్నప్పటి నుంచి విన్నాను. ఈ ఒక్క కాగితం మీద చేరుస్తున్నాను. గీకదలచినవారు బ్లేడుతో రావాలి.

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

కామాడి వీరభద్రం గారు